పెద్దల అక్షరాభ్యాసము

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు పిల్లల నుద్దేశించి పుట్టించిన సామెతను నేడు పిల్లలు పెద్దలపై ప్రయోగించుచున్నారు. తల్లియో తండ్రియో కంప్యూటరు ముందు కూర్చుండి తడబడుచుండగా, వెనుక నిలిచిన కుమారుని నోటినుండి ఆ మాట రాకపోయినను ముఖమునుండి వచ్చుచునే యుండును. ఆ ముఖము ఒకప్పుడు నాదే గనుక ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నాకు కొంత అధికారము కలదు.

మా తండ్రిగారికి 81 ఏండ్లు. తెలుగు పండితులుగా పనిచేసి విశ్రమించినవారు. ఆయనకు ఇద్దరు మనుమరాండ్రు. పెద్దపిల్ల హైదరాబాదులో, చిన్నపిల్ల అమెరికాలోని డల్లాసులో ఉన్నారు. వారమునకొక పద్యము తీసికొని, దాని తాత్పర్యమును వారిద్దరికిని జాబుగా వ్రాసి పంపుట ఆయన నియమము. సంబోధన వేరు, చివరి కుశలప్రశ్నలు వేరు. నడుమ తాత్పర్యము మాత్రము ఒక్కటే.

ఒకనాటి రాత్రి పదునొకండు గంటలకు ఆయన గదిలో దీపము వెలుగుచుండుట చూచి లోనికి పోతిని. పెద్దపిల్లకు జాబు వెళ్లిపోయినది. అదే తాత్పర్యమును, రెండు పుటల పొడవున, ఒక్కొక్క అక్షరమే వెదకి చిన్నపిల్ల కొరకు ఆయన మరల కొట్టుచుండిరి! ఎన్నాళ్లనుండి ఇట్లు చేయుచున్నారని అడిగితిని. "మొదటినుంచీ అంతేగదరా" అనిరి.

నిజమునకు నెల దినములకు ముందే ఆయన నన్ను అడిగియుండిరి: "ఒకచోట రాసింది ఇంకొకచోటికి ఎట్లా తీసుకుపోవాలిరా?" నేను ఆయన చేతిలోని మౌసును అందుకొని, కన్ను మూసి తెరచునంతలో పని ముగించి, "ఇంతే నాన్నగారూ" అంటిని. ఆయనకు కనబడినది నా చేతి వేగమే గాని పద్ధతి కాదు. ఆయన మరల అడుగలేదు. నా ఆ "ఇంతే" యను మాటకు మూల్యము ఆ ముసలి వ్రేళ్లు చెల్లించినవి.

విద్యార్థి చేతి బలపము లాగికొని తానే లెక్క చేసిపెట్టు ఉపాధ్యాయుని మన మెవ్వరమును మెచ్చము. ముప్పది యేండ్లుగా పాఠము చెప్పుచున్న నేను ఇంటిలో చేసినది సరిగా అదియే.

మరునాడు ఉదయము చేతులు కట్టుకొని ఆయన ప్రక్కన కూర్చుంటిని. ఆయన ఎరిగినదానినుండియే పాఠము మొదలుపెట్టితిని. ఆదివారపు పత్రికలలోని వ్యాసములను కత్తిరించి, అన్నపు మెతుకులతో నోటుపుస్తకములో అంటించుట ఆయనకు చిరకాలపు అలవాటు. పూర్వము ఆంగ్ల దేశములలోని సంపాదకులును వ్రాతప్రతులను కత్తెరతో కోసి, జిగురుతో అతికి సరిచేసెడివారు. 1970వ దశకము నడుమ, కాలిఫోర్నియాలోని జెరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున లారీ టెస్లర్ (1945–2020), టిమ్ మాట్ అనువారు ఆ పనినే యంత్రమునకు నేర్పిరి. నకళ్ల దుకాణములకు మనము పెట్టుకొన్న పేరు ఆ జెరాక్సుదే. ఇది విని తండ్రిగారు నవ్వి, "అయితే ఇది నేను నలభై ఏళ్లు చేసిన పనేనన్నమాట" అనిరి. భయము సగము తీరినది.

పిమ్మట ఆయన వేసిన ప్రశ్న నన్ను తలవంచుకొనునట్లు చేసినది. "కాపీ అంటే తెరమీద ఏమీ కదల్లేదు. మరి తీసిన ప్రతి ఎక్కడుంది?" ఇన్నేండ్లుగా వాడుచున్నను నేను ఎన్నడును ఆలోచింపని ప్రశ్న! ప్రతి చేరునది క్లిప్‌బోర్డు అను కనబడని తావు. సాధారణముగా అచ్చట ఒక్క ప్రతికే చోటు. రెండవది తీయగనే మొదటిది తొలగును. కాని ఉన్నదానిని ఎన్నిచోట్ల అతికించినను అది తరుగదు.

తరువాత మీటలు. కంట్రోలు మీటతోపాటు సి నొక్కినచో ప్రతి, వి నొక్కినచో అతుకు. "సి అంటే కాపీ, సరే. వి అంటే ఏమిటి?" అని అడిగిరి. అర్థమును వెదకవలదు, వర్గాక్షరములవలె వరుసను చూడుడంటిని. క్రింది వరుసలో జెడ్, ఎక్స్, సి, వి ప్రక్కప్రక్కనే యుండును: రద్దు, కోత, ప్రతి, అతుకు. వీనిలో పెద్దలకు ముందుగా నేర్పవలసినది జెడ్. చేసిన తప్పును వెనుకకు తీసికొనవచ్చునని తెలిసినగాని వారి చేయి ముందుకు సాగదు. పలకను తుడిచివేయవచ్చునన్న ధైర్యముతోనే గదా మనము అక్షరములు దిద్దినది!

వణకు చేతితో మౌసు నొక్కిపట్టి వాక్యముల వెంట లాగుట ఆయనకు కష్టమయ్యెను. అందులకు వేరొక మార్గము కలదు: మొదట ఒకమారు నొక్కి, పిమ్మట షిఫ్టు మీట పట్టుకొని చివర నొకమారు నొక్కినచో నడుమనున్నదంతయు ఎన్నికయగును. ఈ మెట్లన్నియు ఆయన తమ దస్తూరితోనే నోటుపుస్తకములో వ్రాసికొనిరి. నా చేత వ్రాయించుకొనలేదు.

మూడవ ఆదివారము ఆయన ఒంటరిగనే ప్రతి తీసి రెండవ జాబు పంపిరి. సాయంకాలము డల్లాసునుండి ఫోను వచ్చినది: "తాతయ్యా, నా ఉత్తరంలో అక్క పేరుందేమిటి?" సంబోధనకూడ ప్రతితోపాటు వెళ్లిపోయినది! ఆయన చిన్నబోవుదురేమో యని భయపడితిని. ఆయన కన్నులు మెరసినవి. తాళపత్రముల లేఖకులు అక్షరములు జారవిడుచుటచేతనే పాఠాంతరములు పుట్టినవనియు, అందుచేతనే బ్రౌను దొర పెక్కు ప్రతులు సేకరించి పండితులచేత పోల్చి చూపించెననియు ఆ పిల్లకు ఫోనులోనే ఒక పాఠము చెప్పిరి. "లేఖకుడు కొత్త తప్పు చేస్తాడమ్మా. ఈ యంత్రం పాత తప్పును కూడా తప్పకుండా దించుతుంది. అతికించాక చదువుకోవలసింది మనమే" అని ముగించిరి. శిష్యుడు మరల గురువైనాడు.

విద్యార్థులారా, మీ ఇండ్లలోను ఇట్టి ప్రశ్నతో ఎదురుచూచు పెద్దలు ఉందురు. దినమునకు ఒక్క పని నేర్పుడు. "ఇంతే" యను మాట మానుడు. మౌసు వారి చేతిలోనే యుండనిండు. అక్షరాభ్యాసమునాడు బియ్యములో మన వ్రేలు పట్టి దిద్దించినవారు మన వ్రేలితోనే వ్రాయించిరి గాని తమ వ్రేలితో వ్రాసి చూపి లేచిపోలేదు.