ఉట్నూరు బూడిదదిబ్బ

ప్రొయ్యిలోని బూడిదను తీసి పెంటకుప్పపై పోయుట మనకు నిత్యకృత్యము. అట్టి బూడిదయే నాలుగువేల యేండ్లకు పైబడి యొక పసులదొడ్డిని తన కడుపులో దాచియుంచినదనిన వింతగా నుండును.

పూర్వపు మహబూబ్‌నగరు జిల్లా మక్తల్ ప్రాంతమున ఉట్నూరను పల్లె కలదు. (ఆదిలాబాదు సీమలోని ఉట్నూరు వేఱు.) అచ్చటి బూడిదదిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ అను ఆంగ్లేయ పురాతత్త్వజ్ఞుడు త్రవ్వించెను. దిబ్బ యడుగున తాటిమ్రాకులను వరుసగా నాటి కట్టిన కంచె యానవాళ్లు బయటపడినవి. ఆ దొడ్డిలో పసుల గిట్టల గుర్తులు, నిన్నటి సంజవేళ మంద యిల్లు చేరినదో యనునట్లు, నిలిచియుండెను! కంచె కాలిపోయినపుడెల్ల జనులు మరల నచ్చటనే క్రొత్తది కట్టుకొనిరి.

ఇట్టి దిబ్బలు కృష్ణా తుంగభద్రల నడిమి సీమలోను, బళ్లారి, అనంతపురము ప్రాంతములలోను నూటికి పైగా కలవు. కొన్ని రాతిగుట్టల చెంత ఊళ్ల ప్రక్కన నున్నవి. కొన్ని యొంటరిగా మేతబీళ్లలో నున్నవి. బళ్లారి చేరువనున్న కుప్పగల్లు గుట్టపై నాటివారు మూపురముల యెద్దుల బొమ్మలను రాళ్లపై చెక్కిరి. వారి సంపదయంతయు పశువులే కాబోలు. హంపి దగ్గఱ నింబాపురపు దిబ్బను వాలిని దహించిన చోటని జనులు చెప్పుకొందురు. కొన్నియెడల బూడిద వేడిమికి కరగి ఇనుపకిట్టమువలె గట్టిపడియుండుటచే పండితులును చాలకాలము తికమకపడిరి. అది పేడ కాలిన బూడిదయేయని 1959లో జాయ్నర్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి తేల్చెను.

అయినను పేడ నేల కాల్చిరి? అలుకుటకును, పిడకలకును, ఎరువునకును దానిని పొదుపుగా వాడుకొను మనకు ఈ ప్రశ్న సహజముగా తోచును. శత్రువులు నిప్పుపెట్టిరని కొందఱందురు. పశువుల క్షేమమునకై పండుగనాడు కాల్చిరని ఆల్చిన్ మతము. మన భోగిమంటను, కనుమనాటి పసుల పూజను తలచుకొన్నచో నాకు రెండవదియే సమంజసముగా కనబడుచున్నది.

పురాతన స్థలములను కాపాడుటకు 1958 నాటి కేంద్రశాసన మున్నది; కాని ప్రభుత్వము రక్షితమని ప్రకటించిన స్థలములకే అది వర్తించును. పైగా శిథిలమైన గుడిని చూచి చేతులు మోడ్చువారు సయితము బూడిదదిబ్బను చూచి బండి కట్టుదురు! పలుచోట్ల దిబ్బలను పొలములకు ఎరువుగా తరలించుకొనిపోయిరి. గిట్టల గుర్తులున్న పొర పలుచనిది. గడ్డపాఱ తగిలినచో అదియు బూడిదతోపాటు చేనిలో చల్లబడును.