‘సంది’ని ‘సంధి’ అని రాస్తే ప్రాణం మీదికే!

డాక్టరు మాట విని రాసే యంత్రాలు వస్తున్నాయి - వాటికి మన మాట నేర్పితేనే పల్లెకు మేలు

చొప్పదండి: ‘‘నాలుగొద్దుల సంది పెయ్యి కాలుతుంది. రాత్రయితే దమ్మొస్తుంది. పానం మంచిగ లేదు.’’ చొప్పదండి, గంగాధర, రామడుగు ప్రాంతాల్లో రోగులు డాక్టరుకు తమ బాధ చెప్పుకొనే తీరు ఇది. ఇక్కడ కొన్నాళ్లు పనిచేసిన ఏ డాక్టరుకైనా ఇందులో అర్థం కానిది లేదు. నాలుగు రోజులుగా జ్వరం, రాత్రిపూట ఆయాసం, ఒంట్లో నలత అని వెంటనే రాసుకుంటారు. అదే మాటను యంత్రం విని రాస్తే ఏమవుతుంది? ‘సంది’ అంటే ‘నుంచి’ అని దానికెవరూ నేర్పకపోతే ‘సంధి’ అని రాసిపెట్టవచ్చు. సంధి అంటే జ్వరం ముదిరి రోగి పలవరించే స్థితి. ఒక్క వత్తు తేడాతో మామూలు జ్వరం కాస్తా ప్రమాదకరమైన జ్వరంగా కాగితానికి ఎక్కుతుంది.

డాక్టరు నోటితో చెబితే అక్షరాల్లో పెట్టే యంత్రాలు విదేశాల్లో చాలాకాలంగా ఉన్నాయి. మన దేశంలోనూ పెద్ద నగరాల ఆస్పత్రుల్లో, ముఖ్యంగా ఎక్స్‌రే, స్కానింగు రిపోర్టులు రాసే విభాగాల్లో వాడుకలోకి వచ్చాయి. డాక్టరు, రోగి మాట్లాడుకుంటుంటే పక్కనుండి విని, చీటీ తయారుచేసే రకాలు కూడా ఇప్పుడు వచ్చాయి. సెల్‌ఫోన్ పల్లెకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇవీ అంతే. వచ్చేలోగా వాటి మంచిచెడ్డలు తెలుసుకోవడం అవసరం.

యంత్రం ఎందుకు?

డాక్టరు గది ముందు బారులు తీరిన రోగులను చూస్తే ఈ యంత్రం అవసరం ఏమిటో తెలుస్తుంది. రాయడానికి పట్టే సమయం రోగిని చూసే సమయంలోంచే పోతుంది. తొందరలో రాసిన రాత మందుల దుకాణంలో అర్థం కాక తిప్పలు పడడం అందరికీ అనుభవమే. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో తన నిబంధనల్లో చేర్చవలసి వచ్చిందంటే సమస్య ఎంతటిదో ఊహించవచ్చు.

పైగా చొప్పదండిలో చూపించుకున్న రోగి జబ్బు ముదిరితే కరీంనగర్‌కు, అక్కడ కాకపోతే హైదరాబాద్‌కు పోవాలి. అక్కడి డాక్టరుకు ఈ రోగి కొత్త. ముందేం జరిగిందో చెప్పేది చేతిలోని కాగితమే. అది చదవడానికి వీలుగా, తప్పు లేకుండా ఉంటే సగం వైద్యం జరిగినట్టే.

కాటూరు నుంచి మొదలైన బాట

యంత్రానికి మాట వినడం నేర్పిన వారిలో ముందు వరుసలో ఉన్నది తెలుగువాడే కావడం విశేషం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేటు తీసుకున్నారు. తర్వాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1976లో దాదాపు వెయ్యి మాటలను గుర్తించే ‘హార్పీ’ అనే వ్యవస్థను తయారుచేసింది. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనను వరించింది. 2001లో పద్మభూషణ్ లభించింది. అక్కడే ఆయన వద్ద చదువుకున్న బేకర్ దంపతులు 1982లో ‘డ్రాగన్’ సంస్థను స్థాపించారు. ఆ పేరుతో వచ్చిన డిక్టేషన్ వ్యవస్థ తర్వాత తర్వాత వేలాది డాక్టర్ల బల్లల మీదికి చేరింది.

ఖాళీ వదిలే నియమం

యంత్రం ఇంకా అంతగా ఎదగని రోజుల్లో ఈ పనిని మనుషులే చేశారు. 1990ల చివర్లో, 2000 తర్వాత హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కేంద్రాలు చాలా వెలిశాయి. అమెరికాలో డాక్టరు చెప్పిన మాటల రికార్డు ఇక్కడికి వచ్చేది. అక్కడ రాత్రయినప్పుడు ఇక్కడ పగలు. కాబట్టి వారు నిద్రలేచేసరికి ఇక్కడి యువతీ యువకులు చెవులకు ఫోన్లు తగిలించుకుని, విని, టైపు చేసి పంపేవారు. ఒకరు టైపు చేస్తే మరొకరు మళ్లీ విని సరిచూసేవారు.

ఈ పనిలో ఒక గట్టి నియమం ఉంది. వినబడని మాట దగ్గర ఊహించి రాయకూడదు. ఖాళీ వదిలి గుర్తు పెట్టాలి. డాక్టరు చూసి ఆ ఖాళీని పూరిస్తారు. తెలియనిది తెలియదని ఒప్పుకోవడమే ఇందులోని కిటుకు.

ఆ జాగ్రత్త తప్పితే ఎంత నష్టమో ఒక ఉదంతం చాటింది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 2008లో ఒక రోగిని ఆస్పత్రి నుంచి మరో సంరక్షణ కేంద్రానికి పంపుతూ ఇచ్చిన పత్రంలో ఇన్సులిన్ 8 యూనిట్లు అని ఉండవలసిన చోట 80 యూనిట్లు అని పడింది. అంత మోతాదు ఎక్కించడంతో రోగి మరణించింది. ఆ పత్రం టైపు పని కాంట్రాక్టు మీద కాంట్రాక్టుగా భారతదేశానికి వచ్చినదే. 2012లో అక్కడి జ్యూరీ బాధిత కుటుంబానికి 14 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. ఎంత డబ్బిచ్చినా పోయిన ప్రాణం తిరిగి రాదు. ఒక్క సున్నా చేసిన పని అది.

నూటికి ఏడు తప్పులు

మనిషి పొరబడితే యంత్రం పొరబడదనుకుంటే అదీ తప్పే. అమెరికాలో డాక్టర్లు డిక్టేట్ చేసిన 217 పత్రాలను పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. యంత్రం రాసింది రాసినట్టుగా చూస్తే నూరు మాటలకు ఏడుకు పైగా తప్పులు కనిపించాయి. ప్రతి 250 మాటల్లో ఒకటి వైద్యానికి సంబంధించి ముఖ్యమైన తప్పే. అనుభవం ఉన్న టైపిస్టు దాన్ని విని దిద్దిన తర్వాత తప్పులు వెయ్యికి నాలుగుకు తగ్గాయి. డాక్టరు చూసి సంతకం చేసేసరికి వెయ్యికి మూడు మిగిలాయి. యంత్రం ఒక్కటే రాస్తే ఒక తీరు, మనిషి కన్ను తోడైతే మరో తీరు అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ తర్వాత యంత్రాలు బాగా మెరుగుపడ్డ మాట నిజమే. అయితే కొత్త చిక్కు వచ్చింది. ‘విస్పర్’ అనే పేరుపొందిన వ్యవస్థ, మాట తడబడే రోగుల రికార్డులను ఎలా రాస్తుందో పరిశీలించి 2024లో పరిశోధకులు ఒక నివేదిక వెలువరించారు. సుమారు నూటికి ఒక రికార్డు ముక్కలో ఎవరూ అనని మాటలను అది సొంతంగా కల్పించి రాసింది. మనిషి మాట మధ్యలో ఆగినచోట, మౌనం ఎక్కువైనచోట ఈ బెడద ఎక్కువ. ఆయాసంతో ఆగి ఆగి మాట్లాడే ముసలివారి విషయంలో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. టైపిస్టు ఖాళీ వదిలేచోట యంత్రం కథ అల్లుతున్నది.

యంత్రం ఎలా వింటుంది?

యంత్రానికి మనలా భాష తెలియదు. అది గొంతులోంచి వచ్చిన ధ్వనిని సెకనులో నూరో వంతు చొప్పున చిన్న చిన్న ముక్కలుగా చూస్తుంది. ఇంతకుముందు విన్న వేల గంటల మాటలతో పోల్చి, ఈ ధ్వని తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్క వేస్తుంది. విన్న మాటలైతే ఇట్టే పట్టుకుంటుంది. విననివైతే దగ్గరగా ఉన్న మరో మాటను తెచ్చి పెడుతుంది.

అందుకే ఒకే రకంగా ధ్వనించే మందుల పేర్లు దాన్ని తికమక పెడతాయి. చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్, జిగట విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ అలాంటి జంటే. రక్తపోటు ఎక్కువైతే ‘హైపర్’, తక్కువైతే ‘హైపో’ అంటారు. వినడానికి తేడా కొంచెమే, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ. తెలుగులో ఇరవై, అరవై కూడా అంతే.

మన మాటకు మరో అర్థం

ఇక కరీంనగర్ మాట సంగతి. ఇక్కడ ‘పానం’ అంటే ప్రాణం, ఒళ్లు. పుస్తకాల తెలుగులో పానం అంటే తాగడం. ఇక్కడ ‘సర్ది’ అయిందంటే జలుబు చేసిందని. కోస్తావారికి అది వస్తువులు సర్దడం. ఇక్కడ ‘గోలి’ అంటే మందుబిళ్ల. వేరేచోట పిల్లలాడుకునే గోలీ. ఇక్కడ ‘దమ్ము’ అంటే ఊపిరి, ఆయాసం. సినిమాల్లో దమ్ము అంటే ధైర్యం. పత్రికలు, పుస్తకాలు, టీవీ వార్తల తెలుగు మాత్రమే నేర్చిన యంత్రం మన రోగి మాటకు ఏ అర్థం తీస్తుందో చెప్పలేం.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఉంది, లేదు అనే తేడా. ‘దగ్గు వస్తది’ అంటే వస్తుందని. ‘వస్తలేదు’ అంటే రావడం లేదని. నీరసంగా ఉన్న రోగి చివరి అక్షరాలు మింగితే ‘వస్తలే’ అని వినిపిస్తుంది. నూరు మాటల్లో తొంభైతొమ్మిది సరిగా రాసి ఈ ఒక్కటి తప్పు రాసినా ఆ కాగితం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. తప్పులెన్ని అన్నదొక్కటే లెక్క కాదు, ఏ మాట తప్పింది అన్నది కూడా చూడాలి.

జిల్లా గొంతులూ చేరాయి

ఆశాజనకమైన విషయం ఏమిటంటే మన మాటను యంత్రాలకు వినిపించే పని మొదలైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, గూగుల్ కలిసి 2022లో ‘వాణి’ అనే కార్యక్రమాన్ని చేపట్టాయి. దేశంలోని అన్ని జిల్లాల ప్రజల మాటలనూ సేకరించడం దాని లక్ష్యం. మొదటి విడతగా తీసుకున్న 80 జిల్లాల్లో కరీంనగర్, నల్లగొండ ఉన్నాయి. ఒక బొమ్మ చూపించి, అందులో ఏముందో ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పమంటారు. అలా మన జిల్లా గొంతులు కూడా ఆ నిధిలో చేరాయి.

హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ ప్రజల నుంచి తెలుగు మాటల రికార్డులు సేకరించే పని చేపట్టింది. మద్రాసు ఐఐటీలోని బృందం 2024లో ప్రకటించిన ‘ఇండిక్ వాయిసెస్’ నిధిలో 22 భాషలకు చెందిన 16 వేల మందికి పైగా పలికిన 7,348 గంటల మాటలు ఉన్నాయి. ఇవన్నీ మంచి పునాదులే. అయితే బొమ్మ చూసి చెప్పే మాటల్లో చెట్టు, బండి, బజారు వస్తాయి కానీ కడుపునొప్పి, తిమ్మిర్లు, కండ్లు తిరుగుడు అంతగా రావు. దవాఖానలో వినబడే మాటలను విడిగా సేకరించవలసి ఉంటుంది.

తప్పులు తగ్గే దారి

ఈ పనికి పెద్ద ఖర్చు అవసరం లేని ఉపాయాలు కొన్ని ఉన్నాయి. మైకు డాక్టరు నోటికి దగ్గరగా ఉండాలి. ఫ్యాను మోత, బయటి జనం గోల తగ్గితే సగం తప్పులకు మూలం పోతుంది. ఆస్పత్రిలో వాడే మందుల పేర్లు, చుట్టుపక్కల ఊర్ల పేర్లు, ఇక్కడి రోగాల మాటలు ముందే జాబితాగా యంత్రానికి ఇవ్వాలి. మోతాదు చెప్పేటప్పుడు ‘ఒకటి, అయిదు - పదిహేను’ అని అంకెలను విడదీసి కూడా చెప్పాలి. డాక్టరు దిద్దిన ప్రతి తప్పునూ యంత్రం నేర్చుకునే ఏర్పాటు ఉండాలి. నమ్మకం లేని మాటను రంగు వేసి చూపాలే తప్ప కల్పించి రాయకూడదు. అంటే పాత టైపిస్టుల ఖాళీ నియమం యంత్రానికీ పెట్టాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది, సంతకానికి ముందు డాక్టరు ఒక్కసారి చదవడం. మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులు, ఏ వైపు అవయవం, ఉందా లేదా - ఈ అయిదూ చూస్తే చాలావరకు ప్రమాదం తప్పుతుంది.

రోగులూ అడగాలి

రోగులు, వెంట వచ్చినవారు కూడా ఊరుకోకూడదు. చీటీ చేతికి వచ్చాక ‘‘ఏం రాసిండ్రు సార్, ఒక్కసారి చదివి చెప్పుండ్రి’’ అని అడగడం తప్పు కాదు. చదువుకున్న పిల్లలుంటే గోలీల పేరు, పొద్దుగాల ఎన్ని, మాపటికి ఎన్ని అన్నది అక్కడే సరిచూడాలి. మన మాటను రికార్డు చేస్తుంటే ఎందుకని అడిగే హక్కు కూడా ఉంది. వ్యక్తుల సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో ప్రత్యేకంగా చట్టం చేసింది. రోగం సంగతి ఊరందరికీ తెలియవలసినది కాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సులకు, ఆశా కార్యకర్తలకు ఇక్కడి రోగుల మాట కొట్టిన పిండి. వారి చేత ‘దవాఖాన మాటల’ జాబితా ఒకటి తయారు చేయించి, యంత్రాలు తయారుచేసేవారికి అందజేస్తే ఎంతో ఉపయోగం. యంత్రాలు కొనే అధికారులు కూడా నగరంలో దాన్ని పరీక్షించి ఊరుకోకుండా, చొప్పదండి వంటి చోట నూరు మంది రోగుల మాట వినిపించి, ఎన్ని తప్పులు వచ్చాయో చూసిన తర్వాతే డబ్బు చెల్లించాలి. అప్పుడు గానీ ఆ యంత్రం పల్లె దవాఖానకు పనికివస్తుందో లేదో తేలదు.