అనవసర ప్రచార సందేశాలకు అడ్డుకట్ట వేయడం ఎలా?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో వస్త్ర పరిశ్రమను నమ్ముకుని ఎన్నో తెలుగు కుటుంబాలు జీవిస్తున్నాయి. తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలీలు వీరిలో అధికులు. స్వగ్రామానికి డబ్బు పంపడం మొదలు బ్యాంకు సమాచారం వరకు నేడు వారికి మొబైల్ ఫోనే ఆధారం. ఒకప్పుడు గుమ్మంలో పడే కరపత్రాల స్థానంలో ఇప్పుడు రుణాలు, ఇళ్ల స్థలాల ప్రకటనలు ఫోన్‌ను ముంచెత్తుతున్నాయి. ఈ రద్దీలో అసలు సమాచారం మరుగున పడుతుంది, మోసపు సందేశం నిజమైనదిగా చెలామణి అవుతుంది.

దీని నివారణకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు రూపొందించింది. 1909 నంబరుకు ఫోన్ చేసి, లేదా ‘స్టార్ట్ 0’ అని ఆంగ్లంలో ఎస్ఎంఎస్ పంపి ప్రచార సందేశాలన్నిటినీ నిలిపివేయించుకోవచ్చు. బ్యాంకింగ్, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం వంటి విభాగాలలో అక్కరలేని వాటిని మాత్రమే ఆపే వీలు కూడా ఉంది. ఓటీపీలకు, ఖాతా లావాదేవీల సందేశాలకు దీనివల్ల ఆటంకం కలగదు.

అయినా ప్రకటనలు ఆగకపోతే పంపినవారి నంబరు, తేదీ, సందేశ సారాంశంతో 1909కు గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయాలి. 2025 ఫిబ్రవరి సవరణ ఫిర్యాదు గడువును 3 రోజుల నుంచి 7 రోజులకు పెంచింది. నమోదు లేకుండా వ్యాపార ప్రచారం చేసేవారిపై ఫిర్యాదుకు ముందుగా డీఎన్‌డీలో చేరి ఉండవలసిన అవసరం లేదు. వారిపై సర్వీసు సంస్థ చర్య తీసుకోవలసిన గడువు 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది.

సందేశం పంపినవారి పేరు చివర ‘పి’ అక్షరం ఉంటే అది ప్రచారం, ‘ఎస్’ ఉంటే సేవ, ‘టి’ ఉంటే లావాదేవీ, ‘జి’ ఉంటే ప్రభుత్వ సమాచారం. దుకాణాలలో బిల్లు కోసమని నంబరు ఇచ్చేటప్పుడు ప్రకటనలకు కూడా సమ్మతి ఇస్తున్నామేమో గమనించాలి. ఆ సమ్మతిని తరువాత ఉపసంహరించుకోవచ్చు.

చిరునామాతో తపాలాలో వచ్చే ప్రచార పత్రాలు అక్కరలేకపోతే, కవరు తెరవకుండానే తిరస్కరిస్తున్నట్లు పోస్ట్‌మాన్‌కు తెలిపి వెనక్కి ఇవ్వవచ్చు.

అనుమానాస్పద సందేశాలు, కాల్స్ గురించి సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’లో తెలియజేయాలి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే మాత్రం ఏమాత్రం జాప్యం చేయక 1930కి ఫోన్ చేయాలి.