ఎవరి కుడి? ఎవరి ఎడమ?

ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును ఎప్పుడైనా వెలుగుకు అడ్డంపెట్టి చూశారా? గుండె కొన మన కుడిచేతి వైపు కనిపిస్తుంది. గుండె ఎడమకు కదా ఉండాలి! నిజానికి అందులో తప్పేమీ లేదు. రోగి మనకు ఎదురుగా నిలబడ్డాడనుకుని ఆ ఫిల్మును చూడాలి. వైద్యంలో కుడి, ఎడమ ఎప్పుడూ రోగివే, చూసేవారివి కావు.

ఒక వస్తువు ఎక్కడుందో చెప్పాలంటే ముందుగా ఒక నిర్దేశ చట్రం కావాలంటుంది భౌతికశాస్త్రం. శరీర నిర్మాణ శాస్త్రానికీ అలాంటిదే ఒకటుంది. మనిషి నిటారుగా నిలబడి, ముఖం, పాదాలు, అరచేతులు ముందుకు ఉంచిన భంగిమ అది. రోగి బోర్లా పడుకున్నా, పక్కకు ఒరిగినా వర్ణన మాత్రం ఈ భంగిమ ప్రకారమే సాగుతుంది.

ఈ భంగిమలో తలవైపు ఉన్నది సుపీరియర్, పాదాలవైపు ఉన్నది ఇన్ఫీరియర్. ముందువైపు యాంటీరియర్, వెనుకవైపు పోస్టీరియర్. శరీరం నడిమి గీతకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లాటరల్. అరచేయి ముందుకు ఉంటుంది కాబట్టి బొటనవేలు లాటరల్. చేతిని ఎటు తిప్పినా ఆ పేరు మారదు. కాళ్లు, చేతుల విషయంలో మొదలుకు దగ్గరి భాగం ప్రాక్సిమల్, కొసకు దగ్గరిది డిస్టల్. రిపోర్టులో ‘డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్’ అని ఉంటే, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక మణికట్టు దగ్గర విరిగిందని అర్థం.

సీటీ స్కాన్‌లో అడ్డంగా తీసిన చిత్రాన్ని పడుకున్న రోగి పాదాల దగ్గర నిలబడి చూస్తున్నట్టు చూపిస్తారు. అందుకే కుడివైపుండే కాలేయం తెరపై మన ఎడమకు కనిపిస్తుంది.

ఈ పదాలన్నీ పండితుల పట్టింపు కాదు. మూత్రపిండాలు రెండు, మోకాళ్లు రెండు, కళ్లు రెండు. పక్క మారితే జబ్బున్న అవయవం మిగిలిపోయి, మంచిదానిపై కోత పడుతుంది. ఇలాంటి పొరపాట్లు ప్రపంచవ్యాప్తంగా నమోదయ్యాయి. ఎక్స్‌రే ఫిల్ముపై ‘ఆర్’ లేదా ‘ఎల్’ గుర్తు ఉండేది అందుకే. ఫిల్మును తిరగేసి పెడితే మామూలు గుండె కూడా కుడివైపున్నట్టు కనిపిస్తుంది. కొద్దిమందికి పుట్టుకతోనే గుండె నిజంగా కుడివైపు ఉంటుంది. ఆ రెంటికీ తేడా చెప్పేది ఆ చిన్న అక్షరమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలోనూ ఈ జాగ్రత్త ఉంది. మత్తు ఇచ్చే ముందే ఆపరేషన్ ఎక్కడో రోగినే అడిగి నిర్ధారించుకోవాలి. ఆ చోట గుర్తు పెట్టారో లేదో చూడాలి. కోత పెట్టే ముందు బృందమంతా మరోసారి సరిచూసుకోవాలి.

కాబట్టి ఆపరేషన్‌కు ముందు “ఏ వైపు?” అని నర్సు మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. నోటితో చెప్పడమే కాదు, ఆ చోటును చేత్తో చూపించండి కూడా.