గుండె బలహీనతకు చక్కెర మాత్ర

షుగరు లేని మనిషికి డాక్టరు షుగరు మాత్ర రాశారంటే పొరపాటు పడ్డారనుకోకండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఇప్పుడు గుండె బలహీనతకూ మందులే. అనుమానపడి మానేస్తేనే నష్టం.

డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అనేది గుండె ఆగిపోవడం కాదు. అరిగిన మోటారులాగా గుండె రక్తాన్ని చాలినంత తోడలేకపోవడం. ఒంట్లో నీరు నిలుస్తుంది. పాదాలు వాస్తాయి, నాలుగడుగులేస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు. చేను గట్టు దాకా నడవలేకపోతే వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు.

మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 గ్రాముల చక్కెరను వడకట్టి, తిరిగి రక్తంలోకే పంపేస్తాయి. ఈ మాత్ర ఆ దారికి అడ్డుకట్ట వేస్తుంది. కొంత చక్కెర, దాంతోపాటు ఉప్పూ నీరూ మూత్రంలో పోతాయి. గుండెకు భారం తగ్గుతుంది. వీటికి మూలం 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్. మన పంట కాకపోయినా చెట్టు మందే!

2019లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో గుండె బలహీనత ఉన్న 4,744 మందిని చూశారు. సగానికి పైగా షుగరు లేనివారే. ఏడాదిన్నరలో జబ్బు ముదరడమో, గుండెజబ్బుతో చనిపోవడమో జరిగినవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 21 మంది, డపాగ్లిఫ్లోజిన్ వేసుకున్నవారిలో 16 మంది. షుగరు ఉన్నా లేకున్నా మేలు కనిపించింది. అయితే పాత గుండె మందులు మానకూడదు, ఇది వాటికి తోడు మాత్రమే.

మన దేశంలో డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో తీరాయి. చాలా కంపెనీలు చేస్తున్నాయి, రేటు బాగా దిగింది. తక్కువ ధరది రాయమని అడగడానికి మొహమాటపడకండి.

అన్ని షుగరు మాత్రలూ ఇలాంటివి కావు. పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలబెడుతుంది, గుండె బలహీనులకు పనికిరాదు. ఒళ్లు నొప్పులకని కొట్లో కొని మింగే నొప్పి బిళ్లలూ అంతే చేటు.

ఈ మాత్ర వాడేవారు ఎండన పడి పనిచేస్తే ఒళ్లు ఎండిపోయి కళ్లు తిరగొచ్చు. వేసవిలో ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును ముందే అడగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఉపవాసమున్నా ఆ రోజుల్లో మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. ఆపరేషనుంటే కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. కడుపునొప్పి, వాంతులు, వేగంగా ఊపిరి ఉంటే రక్తంలో షుగరు మామూలుగా ఉన్నా ఆసుపత్రికి పరుగెత్తాలి. తాగుడు అలవాటున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి మర్మావయవాల దగ్గర దురద రావచ్చు, శుభ్రంగా కడుక్కోవాలి. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నవారు ఈ మాత్ర జోలికి పోకూడదు.

రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి.