గోధుమ మానకముందే జరగవలసిన పరీక్ష

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న హిజ్లీలోనూ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారి ఇళ్లలో అన్నమే ప్రధానాహారమైనా, రాత్రిపూట రొట్టెలు, ఉదయం బొంబాయిరవ్వ ఉప్మా, పండుగకు పూరీలు అనే రూపాల్లో గోధుమ వారి భోజనంలోనూ చేరింది. గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తుకు శరీర రక్షణవ్యవస్థ అసహజంగా స్పందించి, సొంత చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసే సీలియాక్ వ్యాధి వీరికి రాదని కొట్టిపారేయడానికి ఆధారం లేదు.

దేశంలో 23,331 మంది పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం మంది రక్తంలో కనిపించాయి. అయితే వ్యాధికి వీలు కల్పించే జన్యువులు మూడు ప్రాంతాల్లోనూ సుమారు మూడోవంతు మందిలో ఉన్నాయి. రోజుకు సగటున తినే గోధుమ ఉత్తరాదిలో 455 గ్రాములైతే దక్షిణాదిలో 25 గ్రాములే కావడం ఈ తేడాకు ఒక కారణం కావచ్చు గాని, 37 గ్రాములే తినే ఈశాన్యంలో వ్యాధి అంతగా ఉండటాన్ని బట్టి గోధుమ పరిమాణం ఒక్కటే సమాధానం కాదని తెలుస్తుంది.

తగ్గని విరేచనాలు, పిల్లల్లో మందగించిన ఎదుగుదల అందరికీ తెలిసిన లక్షణాలే అయినా, ఇనుము మాత్రలు నెలల తరబడి వేసుకున్నా తీరని రక్తహీనత తప్ప మరే బాధా లేని రోగులూ ఉంటారు. అనుమానం కలిగినప్పుడు తొలి మెట్టు టీటీజీ అనే రక్తపరీక్ష; టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైముపై శరీరం తయారుచేసే ఐజీఏ రకం ప్రతిరక్షకాలను అది కొలుస్తుంది. కొందరిలో ఐజీఏ సహజంగానే లోపించి ఉంటుంది గనుక, మొత్తం ఐజీఏను కూడా చూడకపోతే వ్యాధి ఉన్నవారికే లేదన్న ఫలితం రావచ్చు.

పెద్దల్లో నిర్ధారణకు సాధారణంగా ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం నుంచి అనేక చిన్న ముక్కలు తీస్తారు (బయాప్సీ). దెబ్బ అక్కడక్కడ మాత్రమే ఉండవచ్చు కనుక ఒక్క ముక్క చాలదు. ఆహారసారాన్ని పీల్చుకునే చూషకాలు ఎంత అరిగిపోయాయో సూక్ష్మదర్శినిలో చూసి, మార్ష్ వర్గీకరణ ప్రకారం తీవ్రతను నిర్ణయిస్తారు. మన దేశంలో జియార్డియా వంటి పరాన్నజీవులూ, ట్రాపికల్ స్ప్రూ అనే వ్యాధీ ఇలాంటి మార్పులే తేగలవు కాబట్టి, ముక్కను రక్తపరీక్షతో కలిపి చదవడం తప్పనిసరి. పిల్లల్లో టీటీజీ సాధారణ పరిమితికి పదిరెట్లు మించి, రెండోసారి తీసిన రక్తంలో ఎండోమైసియల్ ప్రతిరక్షకాలూ కనిపిస్తే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని 2020 నాటి ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటుంది. గోధుమ పడటం లేదని తోచి ముందే మానేసినవారిలో ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది. అప్పుడు పరీక్షలు తప్పుదారి పట్టిస్తాయి, నిజం తేలాలంటే వైద్యుల పర్యవేక్షణలో మళ్లీ కొన్ని వారాలు గోధుమ తినవలసి వస్తుంది. అలా మానేసినవారికి జన్యుపరీక్ష కొంత ఉపకరిస్తుంది: డీక్యూ2, డీక్యూ8 జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే, ఉంటే మాత్రం ఏదీ రుజువు కాదు. వ్యాధి తేలిన వ్యక్తి తల్లిదండ్రులకూ, తోబుట్టువులకూ, పిల్లలకూ ముప్పు ఇతరులకంటే ఎక్కువ కనుక, వారికి ఏ బాధా లేకపోయినా టీటీజీ పరీక్ష చేయించాలి.