పోటీని రగిలించే నిబంధన, ఫలితాన్ని వంచే నిబంధన

2021 డిసెంబర్ 12న అబుదాబిలోని యాస్ మరీనా సర్క్యూట్‌లో ఫార్ములా వన్ సీజన్ చివరి రేసు జరిగింది. అప్పటికి లూయీస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్‌ల ఖాతాలో సరిగ్గా 369.5 చొప్పున పాయింట్లున్నాయి. 58 ల్యాపుల ఆ రేసులో హామిల్టన్ పది సెకన్లకు పైగా ఆధిక్యంతో సాగుతుండగా, 53వ ల్యాపులో నికోలస్ లతీఫీ కారు గోడను ఢీకొంది. ట్రాక్ మీదికి సేఫ్టీ కారు వచ్చింది. దాని వెనక అందరూ నెమ్మదిగా, వరుస తప్పకుండా నడవాలి కాబట్టి హామిల్టన్ సంపాదించుకున్న ఆధిక్యం కరిగిపోయింది. వెర్‌స్టాపెన్ పిట్‌లోకి వెళ్లి కొత్త సాఫ్ట్ టైర్లు వేయించుకున్నాడు. పిట్‌కు వెళితే మొదటి స్థానం చేజారుతుందన్న భయంతో హామిల్టన్ అరిగిన హార్డ్ టైర్ల మీదే ఉండిపోయాడు. ఇక్కడిదాకా జరిగింది దురదృష్టమే తప్ప అన్యాయం కాదు. అసలు వివాదం ఆ తర్వాత మొదలైంది. ల్యాపు వెనకబడ్డ కార్లు ఎనిమిది ఉంటే, రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ ఆ ఇద్దరి మధ్య ఉన్న ఐదింటిని మాత్రమే ముందుకు వెళ్లనిచ్చాడు. అలా వెళ్లనిచ్చాక సేఫ్టీ కారు తర్వాతి ల్యాపు చివర పక్కకు తప్పుకోవాలని నిబంధన చెబుతుంటే, అదే ల్యాపు చివర దాన్ని లోపలికి పిలిచాడు. మిగిలిన ఒక్క ల్యాపులో వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ను దాటేసి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మూడో స్థానంలోని కార్లోస్ సైన్జ్‌కు మాత్రం ఆ అవకాశం దక్కలేదు. అతనికీ వెర్‌స్టాపెన్‌కూ మధ్య వెనకబడ్డ కార్లు అలాగే ఉండిపోయాయి.

ఉత్కంఠ ఒక్కటే కొలమానమైతే, ఆ చివరి ల్యాపును మించింది మోటార్ రేసింగ్‌లో అరుదు. అయినా దాని గురించి మాట్లాడేటప్పుడు ఓవర్‌టేక్ కంటే మాసీ నిర్ణయమే ముందు గుర్తొస్తుంది. ప్రపంచ మోటార్ క్రీడల పాలక సంస్థ ఎఫ్ఐఏ మాసీని ఆ పదవి నుంచి తప్పించింది. మానవ తప్పిదం జరిగిందని 2022 మార్చిలో తన నివేదికలో ఒప్పుకుంది, ఫలితాన్ని మాత్రం మార్చలేదు, ఆ నిబంధనను తిరగరాసింది. ఇందులో వెర్‌స్టాపెన్ తప్పేమీ లేదు. ఆ ఏడాది పది రేసులు గెలిచిన డ్రైవర్ అతను. అతని కిరీటానికి సందేహపు నీడ తగిలించింది అధికారి తీసుకున్న నిర్ణయమే. ఈ ఉదంతం చెప్పే సంగతి ఒకటే. పోటీ జరిగే పరిస్థితులను ముందుగా, అందరికీ ఒకేలా చక్కదిద్దే నిబంధన రేసును ఉత్కంఠగానూ న్యాయంగానూ మారుస్తుంది. పోటీ నడుస్తుండగా ఫలితం వైపు చెయ్యి చాచే నిర్ణయం ఆ రెండింటినీ దెబ్బతీస్తుంది.

ఉత్కంఠ కోసం నిబంధనలు మార్చడమే తప్పని వాదించేవాళ్లున్నారు. వేగంగా వెళ్లేవాణ్ని గెలవనివ్వాలి, మిగతాదంతా కృత్రిమం అంటారు. అయితే రేసు కారు సంగతి కాస్త లోతుగా చూస్తే, వేగమున్నవాడికి కూడా ముందుకెళ్లే దారి తనంతట తాను దొరకదని తెలుస్తుంది. ఫార్ములా వన్ కారు మలుపుల్లో పట్టు తప్పకుండా ఉండేది గాలి దాన్ని కిందికి నొక్కడం వల్లే. దీన్ని డౌన్‌ఫోర్స్ అంటారు. ముందున్న కారు ఆ గాలిని చెదరగొట్టి వదిలితే, వెనక కారు పట్టు కోల్పోతుంది, టైర్లు వేడెక్కి తొందరగా అరిగిపోతాయి. 2021 నాటి కారు, ముందున్న కారుకు 10 మీటర్ల దూరంలో 46 శాతం, 20 మీటర్ల దూరంలో 35 శాతం డౌన్‌ఫోర్స్ కోల్పోయేదని ఫార్ములా వన్ సంస్థే లెక్క చెప్పింది. అంటే నిబంధనలను కదపకుండా వదిలేయడం కూడా తటస్థంగా ఉండటం కాదు. అది ముందున్నవాడి పక్షం వహించడమే. 2011లో తెచ్చిన డీఆర్ఎస్ ఈ చిక్కుకు పైపూత వైద్యం. ముందు కారుకు ఒక్క సెకను దూరంలోపు ఉన్న డ్రైవర్, నిర్ణీత ప్రదేశాల్లో వెనక రెక్కను తెరుచుకుని గాలి నిరోధం తగ్గించుకోగలిగేవాడు. నిబంధన అందరికీ ముందే తెలుసు, ఈ రోజు ముందున్నవాడే రేపు వెనక ఉండొచ్చు, కాబట్టి ఇందులో అన్యాయం లేదు. కానీ ఆ ప్రదేశాలు మరీ పొడవుగా ఉన్నచోట ఓవర్‌టేక్ పోరాటం లేకుండానే ముగిసిపోయింది. ప్రేక్షకుడు కోరుకునేది ఓవర్‌టేక్‌ల సంఖ్య కాదు, దానికి ముందు జరిగే పోరు. రోగానికే మందు వేయాలన్న ప్రయత్నం 2022లో జరిగింది. కారు అడుగుభాగం నుంచే ఎక్కువ డౌన్‌ఫోర్స్ పుట్టేలా కొత్త డిజైన్ తెచ్చారు. 10 మీటర్ల దగ్గర నష్టం 18 శాతానికి, 20 మీటర్ల దగ్గర 4 శాతానికి తగ్గుతుందని లెక్కగట్టారు.

ఆ కొత్త నిబంధనల రెండో ఏడాది, 2023లో, 22 రేసుల్లో 21 రెడ్‌బుల్ జట్టే గెలిచింది, అందులో 19 వెర్‌స్టాపెన్ ఒక్కడివే. నిబంధనలతో పోటీని సృష్టించలేమనడానికి ఇంతకంటే రుజువేం కావాలని ఎవరైనా అడగవచ్చు. కానీ ఫార్ములా వన్ అప్పుడు తొందరపడి రెడ్‌బుల్‌ను కిందికి లాగలేదు, ముందే అమల్లో ఉన్న రెండు నిబంధనలను వాటి పని చేయనిచ్చింది. ఒకటి ఖర్చుల పరిమితి. జట్టు ఏడాదికి ఖర్చు చేయగల మొత్తాన్ని 2021లో 14.5 కోట్ల డాలర్లకు కట్టడి చేసి, ఆ తర్వాతి రెండేళ్లలో 13.5 కోట్ల స్థాయికి దించారు. డ్రైవర్ల జీతాల వంటి కొన్ని ఖర్చులకు మినహాయింపు ఉంది. రెండోది విండ్ టన్నెల్ పరీక్షల నిబంధన. చాంపియన్‌షిప్‌లో మొదటి స్థానంలోని జట్టుకు ప్రామాణిక సమయంలో 70 శాతమే దక్కుతుంది, స్థానం దిగేకొద్దీ అయిదేసి శాతం పెరిగి పదో జట్టుకు 115 శాతం వస్తుంది. 2023లో మొదటి రెండు రేసుల్లో ఒక్క పాయింటూ తెచ్చుకోలేని మెక్‌లారెన్, 2024లో జట్ల చాంపియన్‌షిప్ గెలిచింది. 1998 తర్వాత ఆ జట్టుకు ఆ టైటిల్ దక్కడం అదే మొదటిసారి. 2024లో నాలుగు జట్లు రేసులు గెలిచాయి, ఏడుగురు డ్రైవర్లు తలా రెండు లేదా అంతకంటే ఎక్కువ విజయాలు సాధించారు. మెక్‌లారెన్ ఇంజినీర్ల ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. కానీ డబ్బున్న జట్టు డబ్బుతోనే దూరంగా పారిపోయే దారి మూసుకుపోవడం వల్లే ఆ ప్రతిభకు ఫలితం దక్కింది. రెడ్‌బుల్ 2021లో ఖర్చుల పరిమితి దాటినందుకు 70 లక్షల డాలర్ల జరిమానా, ఏరోడైనమిక్ పరీక్షల్లో 10 శాతం కోత పడ్డాయి. అగ్ర జట్టుకూ శిక్ష తప్పనప్పుడే ఇలాంటి నిబంధనకు విలువ.

గెలిచినవాడికి పరీక్షల సమయం తగ్గించడం ప్రతిభను శిక్షించడం కాదా అన్నది తోసిపుచ్చలేని ప్రశ్న. జవాబు, ఆ కోత ఎక్కడ పడుతుందన్న దాంట్లో ఉంది. విండ్ టన్నెల్ నిబంధన రేసు రోజున ఎవరి కారునూ నెమ్మది చేయదు. తక్కువ సమయంలో ఎక్కువ తెలివి చూపమని మాత్రమే అడుగుతుంది. దీనికి భిన్నమైన పద్ధతి లె మాన్స్ 24 గంటల రేసులో ఉంది. అక్కడ వేర్వేరు డిజైన్ల కార్లను ఒకే స్థాయికి తేవడానికి నిర్వాహకులు బరువులు, పవర్ పరిమితులు నిర్ణయిస్తారు. 2023లో రేసుకు కొద్ది రోజుల ముందు ఆ లెక్కలు మార్చి టయోటాకు 37 కిలోలు, ఫెరారీకి 24 కిలోలు అదనపు బరువు వేశారు. 50 ఏళ్ల తర్వాత అగ్రశ్రేణి విభాగంలోకి తిరిగొచ్చిన ఫెరారీయే గెలిచింది. ఎన్నో కంపెనీలు ఆ రేసుకు రావడానికి ఈ సమతూకపు పద్ధతి కారణం, దాన్ని కాదనలేం. కానీ చివరి నిమిషపు మార్పు వల్ల, ఫెరారీ చేసిన అద్భుతమైన పని గురించి మాట్లాడాల్సినచోట కిలోల గురించి మాట్లాడాల్సి వచ్చింది. గెలిచిన జట్టుకు కూడా అది అన్యాయమే.

ఇక, క్రీడ అంటే వినోదమే కదా, టికెట్ కొన్నవాడికి ఉత్కంఠ ఇవ్వకపోతే ఎలా అన్న వాదన. వినోదం కోసమే పుట్టిన నిబంధనల చరిత్ర చూస్తే ఈ వాదన బలహీనపడుతుంది. 2014లో చివరి రేసుకు రెట్టింపు పాయింట్లు ఇచ్చారు. ఒకే పనికి రెండు విలువలేమిటన్న విమర్శలు వెల్లువెత్తడంతో మరుసటి ఏడాదికే ఎత్తేశారు. 2016లో క్వాలిఫయింగ్‌లో 90 సెకన్లకు ఒకరిని తొలగించే పద్ధతి తెస్తే, అసలు ఉత్కంఠ ఉండాల్సిన చివరి నిమిషాల్లో కార్లు గ్యారేజీల్లోనే ఉండిపోయాయి. ఆస్ట్రేలియా, బహ్రెయిన్ రేసులతో దాని కథ ముగిసింది. విద్యుత్ కార్ల ఫార్ములా ఈలో అభిమానుల ఓట్లు ఎక్కువగా వచ్చిన డ్రైవర్లకు అదనపు పవర్ ఇచ్చే ఫ్యాన్‌బూస్ట్ ఉండేది. 2022-23 సీజన్ నుంచి దాన్ని తీసేశారు. ఆ సీజన్‌లోనే, 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ తగ్గిపోతున్న బ్యాటరీని పొదుపుగా వాడుకుంటూ, వెంటాడుతున్న నిక్ కాసిడీని చివరిదాకా అడ్డుకుని గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ, అనుమతికి మించి పవర్ వాడినందుకు పెనాల్టీ పడి ఆ స్థానం పోగొట్టుకున్నాడు. అందరికీ సమానమైన శక్తి పరిమితి ఒక్కటే అక్కడ ఉత్కంఠను పుట్టించింది, ఓట్ల అవసరం రాలేదు.

ముందే రాసినంత మాత్రాన నిబంధన మంచిదైపోదు, ఇది నిజం. 2005లో ఒకే టైర్ల సెట్‌తో రేసంతా నడపాలన్నారు. ఇండియానాపోలిస్‌లో ఎత్తుగా వాలిన మలుపును మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. ట్రాక్‌లో కొత్త మలుపు పెట్టాలన్న కోరికను ఎఫ్ఐఏ తిరస్కరించింది. 14 కార్లు తప్పుకుని, ఆరు కార్లే పోటీపడ్డాయి. అందులో నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో నిలిచి, ఫార్ములా వన్‌లో భారతీయుడు సాధించిన తొలి పాయింట్లు తెచ్చాడు. ప్రేక్షకులకు ఘోరమైన రోజే అది. కానీ సరైన టైర్లు తెచ్చుకున్నవాళ్ల కళ్లముందే ట్రాక్ మార్చడం కూడా న్యాయం కాదు. లోపమున్న నిబంధనను మరుసటి ఏడాది తొలగించారు. 2021లో బెల్జియంలో వర్షం వల్ల సేఫ్టీ కారు వెనక కొన్ని ల్యాపులు తిప్పి సగం పాయింట్లు పంచారు. అక్షరాలా నిబంధన పాటించారు, రేసు మాత్రం జరగలేదు. సేఫ్టీ కారు లేకుండా కనీసం రెండు ల్యాపులు నడవకపోతే పాయింట్లు లేవని 2022కి మార్చారు. 2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్లో బౌండరీల లెక్కతో న్యూజిలాండ్ ఓడినప్పుడు మనకూ మనసు చివుక్కుమంది. ఆ నిబంధన తర్వాత పోయింది, ఫలితం నిలిచింది. చెడ్డ నిబంధన మీద కోపగించుకోవచ్చు, సీజన్ ముగిశాక మార్చుకోవచ్చు. అప్పటికప్పుడు మార్చే నిర్ణయం వల్ల నమ్మకం పోతే మాత్రం దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు. దీనికి ఒకే మినహాయింపు ప్రాణరక్షణ. ప్రమాదముంటే రేసును ఏ క్షణానైనా ఆపాల్సిందే. కానీ ఆపే అధికారం, ఎలా ముగియాలో నిర్ణయించే అధికారం కాకూడదు.

2026 కోసం ఫార్ములా వన్ మళ్లీ పెద్ద మార్పులు రాసుకుంది. డీఆర్ఎస్ పోయింది, నేరు దారుల్లో రెక్కలను సవరించుకునే వెసులుబాటు అందరికీ వచ్చింది, పవర్‌లో దాదాపు సగం విద్యుత్తుదే. వెనకున్నవాడికి అదనపు విద్యుత్ శక్తితో దాడి చేసే అవకాశం ఉంది. వీటిని తూచడానికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. ఈ నిబంధన పోటీకి ముందే అందరికీ తెలుసా? నాయకుడికీ చివరివాడికీ ఒకేలా వర్తిస్తుందా? డ్రైవర్ నైపుణ్యానికి చోటిస్తుందా, లేక దాని స్థానంలో తానే కూర్చుంటుందా? ఈ మూడింటికీ సరైన జవాబిచ్చే నిబంధన ఉంటే, కొన్ని రేసులు చప్పగా సాగినా ప్రేక్షకుడు వచ్చే వారం మళ్లీ వస్తాడు. గెలిచినవాడు నిజంగానే గెలిచాడన్న నమ్మకం ఉన్నప్పుడే చివరి ల్యాపు ఉత్కంఠకు అర్థం ఉంటుంది. నిర్వాహకులు ముందుగా కాపాడుకోవాల్సింది ఆ నమ్మకాన్నే.